ముగ్గు అనంతమా, అంతులేనిదా?

సందేహం: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో 'మన చుట్టూ అనంతం' అని చార్ట్ చెయ్యమన్నారు. మెలికల ముగ్గు, వెంకటగిరి చీర అంచు, సెలూన్లో ఎదురెదురు అద్దాలు, ఈ మూడు బొమ్మలూ అంటించి అన్నిటి కిందా 'అనంతం' అని రాసింది. ముగ్గుకు 'నిరంతరం' అనాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఏది సరి? (కావలి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ అమ్మాయి ఎంచుకున్నవి మూడూ చాలా బాగున్నాయమ్మా. కాకపోతే అవి మూడు వేర్వేరు సంగతులు, అన్నిటి కిందా ఒకే మాట రాస్తే వాటి మధ్య ఉన్న తేడా కనబడకుండా పోతుంది, అదే నా బాధ.

మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది. ఎక్కడ మొదలైందో వేసిన చేతికి తప్ప ఇంకెవరికీ తెలియదు. అయినా దారం పెట్టి కొలిస్తే ఇన్ని మూరలని తేలిపోతుంది కదా, కొలతకు దొరికేదాన్ని అనంతం అనలేం. 'మొదలూ చివరా లేని గీత' అని రాయమనండి, చేతి గాజుకైనా అదే మాట. 'నిరంతరం' అన్న పెద్దవాళ్లది తప్పేం కాదు, అంతరం అంటే ఎడం, అది లేనిది నిరంతరం. కానీ ఇప్పుడు మనం ఆ మాటను ఎక్కువగా కాలానికే వాడుతున్నాం (నిరంతర సేవ, నిరంతరం కరెంటు), బొమ్మ కింద రాస్తే చదివేవాళ్లు తికమకపడతారు.

చీర అంచు సంగతి వేరు. అదే తీగ, అదే పువ్వు మళ్లీ మళ్లీ పడుతుంటాయి, చీర పొడుగు అయిపోయింది కాబట్టి నేత ఆగుతుంది గానీ డిజైన్ అయిపోయి ఆగదు. 'అంతులేని' అనే మన ఇంటి మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. రుమేనియాలో బ్రాంకూసి అనే శిల్పి 1938లో నిలబెట్టిన పోత ఇనుప స్తంభం ఒకటుంది, పేరే 'అంతులేని స్తంభం'. 29 మీటర్ల పైచిలుకు ఎత్తు, ఒకే ఆకారంలో 15 నిండు దిమ్మలు ఒకదాని మీద ఒకటి, అడుగునా కొసనా మాత్రం సగం సగం. పైది సగంలో ఆపేశాడు కాబట్టి మిగతా సగాన్ని మన కన్నే ఆకాశంలోకి కట్టుకుంటూ పోతుంది. చీర కొసన పువ్వు ఎక్కడైనా సగంలో తెగి ఉంటే ఆ చోటే ఫోటో తీసి అంటించమనండి, విషయం ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఇక అద్దాలు. ముందు అద్దానికీ వెనక అద్దానికీ మధ్య ఎనిమిది అడుగులుంటే మన ముఖం పదహారు అడుగులకు ఒకటి చొప్పున లోపలికి, ఇంకా లోపలికి వరసకడుతుంది. లెక్క ప్రకారం ఆ వరసకు ఆఖరు లేదు. కంటికి మాత్రం ఉంది, ఎందుకంటే అద్దం మీద పడిన ప్రతిసారీ కొంత వెలుతురు పోతుంది. పదో వంతు పోతుందనుకున్నా ఇరవైసార్లు తగిలేసరికి మిగిలేది ఎనిమిదో వంతే, అందుకే ఆ లోపలి ముఖాలు మసకబారి కలిసిపోతాయి. ఇక్కడ 'అనంతం' అని రాయొచ్చు, కింద ఈ వెలుతురు సంగతి కూడా ఒక వాక్యం రాస్తేనే.

అసలు ఆ మాట బరువు తెలియాలంటే పాపను నెల్లూరు రంగనాయకస్వామి గుడికి తీసుకెళ్లండి, అక్కడ అద్దాల మండపమూ ఉంది, పాము పడక మీద స్వామీ ఉన్నాడు. ఆ పాముకు అనంతుడనీ పేరే, శేషుడనీ పేరే. శేషం అంటే తీసేయగా మిగిలింది. 'పూర్ణమదః' అనే శాంతిమంత్రం చివర పూర్ణంలోంచి పూర్ణం తీసినా పూర్ణమే 'అవశిష్యతే' అంటారే, ఆ క్రియా ఈ శేషమూ ఒకే ధాతువులోంచి వచ్చినవి. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో తన బీజగణితంలో సున్నతో భాగిస్తే వచ్చే రాశికి 'ఖహరం' అని పేరుపెట్టి, దానికి ఎంత కలిపినా ఎంత తీసినా మార్పుండదన్నాడు, సృష్టిలో, ప్రళయంలో ఎన్ని ప్రాణులు వెళ్లినా వచ్చినా అనంతుడైన అచ్యుతుడికి మార్పు లేనట్టు. తీసినా తరగనిది, అదీ నా దృష్టిలో అనంతం. ఎంత పొడుగైనా సరే, ఒక మూర కోస్తే ఒక మూర తగ్గేదానికి ఆ మాట వాడటం నాకు మనసొప్పదు.

అందుకే 'రొట్టెల పండక్కి అనంతమైన జనం వచ్చారు' అని కొందరు రాస్తుంటే బాధేస్తుంది. 'లెక్కలేనంత జనం' అనొచ్చు, 'ఇసకేస్తే రాలనంత జనం' అంటే ఇంకా బాగుంటుంది. 'అనంతకోటి' లాంటి పాత సమాసాలు స్థిరపడిపోయాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. 'అనంతంగా మాట్లాడాడు' అని మాత్రం రాయకండి, 'ఎడతెగకుండా మాట్లాడాడు' అనండి.