పక్షవాతం వచ్చిన ముసలి కుక్క మళ్లీ నడుస్తుందా?

సందేహం: సార్, మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలం. మామిడితోట, దాని పక్కనే శెనక్కాయ చేను ఉన్నాయి. అడవిపందులు రాకుండా పన్నెండేళ్లుగా కాపలా కాస్తున్న నాటు కుక్క ఉంది, నల్లోడు అంటాం. పోయిన ఆదివారం పొద్దున పాలు పిండే వేళకు ఉన్నట్టుండి ఎడమపక్కకు ఒరిగి పడిపోయాడు. తల వంగిపోయింది, కంటిగుడ్లు అటూ ఇటూ ఆడాయి, ఒకసారి కక్కుకున్నాడు. ఎడమవైపు కాళ్లు రెండూ పట్టు తప్పాయి. డాక్టరు వచ్చి పక్షవాతం అని ఇంజెక్షన్లు వేశారు. నాలుగు రోజులైంది. పిలిస్తే తోక ఆడిస్తాడు, నోటి దగ్గర పెడితే తింటాడు, నీళ్లు సగం బయటికే కారిపోతాయి, లేవలేడు, పడుకున్న చోటే మూత్రం పోస్తున్నాడు. కొందరు పసరు తాగించమంటున్నారు, కొందరు ముసలిది కదా సూది వేయించి పంపేయమంటున్నారు. మా అమ్మ వాడి పక్కనుంచి లేవడం లేదు. వాడు మళ్లీ నడుస్తాడా?

జవాబు: నడిచే అవకాశం బాగానే ఉంది, ముందు ఈ మాట మీ అమ్మగారికి చెప్పండి. పేరు పెట్టి పిలిస్తే తోక ఆడిస్తున్నాడు, నోటికి అందిస్తే తింటున్నాడు, నాలుగో రోజుకు పరిస్థితి ఇంకా దిగజారలేదు. ఈ మూడూ ఉన్న కుక్కను ఇప్పుడే పంపేయాలనే ఆలోచన పెట్టుకోవద్దు.

మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా ఆ భాగానికి రక్తం అందక అది చేసే పని ఆగిపోతుంది. మొదటి రెండు మూడు రోజులు చుట్టూ వాపు కూడా ఉంటుంది కాబట్టి కుక్క ఇంకా కుంగినట్టు కనబడుతుంది, ఆ తర్వాత అక్కడితో ఆగుతుంది, ఆ పైన మెల్లగా తేరుకుంటుంది. మనిషికి కాళ్లూ చేతులూ ఆడాలంటే పైమెదడు మీద ఎక్కువ ఆధారపడాలి, కుక్కకు నడక చాలావరకు మెదడు కింది భాగాల నుంచే నడుస్తుంది, అందుకే అదే దెబ్బ తగిలిన మనిషి కంటే కుక్క తొందరగా లేచి నిలబడడం మేం చూస్తుంటాం. మొదటి మెరుగు కొన్ని రోజుల్లోనే కనబడవచ్చు, నడక కుదురుకోవడానికి మాత్రం కొన్ని వారాలు ఓపిక పట్టాలి. రోజురోజుకూ దిగజారుతూ ఉంటే అది పక్షవాతం కాదేమో, మెదడులో కణితో ఇన్ఫెక్షనో ఉందేమో అని అనుమానించి వెంటనే పెద్దాసుపత్రికి తేవాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, మీరు రాయనిది: నల్లోడికి రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నారా? తోటలో తిరిగే కుక్క, నక్కలూ ఊరకుక్కలూ తగిలే చోటు. నడక తడబడడం, నీళ్లు మింగలేకపోవడం, దవడ జారిపోయి సొంగ కారడం, గొంతు మారిపోవడం రేబిస్‌లోనూ ఉంటాయి. మీరు చెప్పిన తీరు చూస్తే పక్షవాతమే అనిపిస్తున్నా, టీకా వేయించి ఉండకపోతే డాక్టరు మళ్లీ చూసి చెప్పేదాకా ఎవరూ నోట్లో చెయ్యి పెట్టవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. సొంగ చేతి పుండ్లకో గాట్లకో తగిలి ఉంటే సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. అమ్మగారు రోజంతా పక్కనే ఉంటున్నారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను.

తర్వాత ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. పొట్ట కింద చెయ్యి వేసి పడకుండా నిలబెట్టి, ఎడమ ముందుకాలి పాదాన్ని వెనక్కి మడిచి, గోళ్ల పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. బాగున్న కాలయితే రెప్పపాటులో పాదాన్ని తిప్పుకుని సరిగ్గా పెట్టుకుంటుంది. మడిచింది మడిచినట్టే ఉంచేస్తే ఆ కాలు ఎక్కడుందో మెదడుకు తెలియడం లేదన్నమాట, పక్షవాతం అనుమానం బలపడుతుంది. నాలుగు పాదాలకూ చేసి, ఒక్కోదాన్నీ సెల్‌ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి, వారం తర్వాత మళ్లీ తీస్తే తేడా మీకే కనబడుతుంది, డాక్టరుకూ అది చాలా ఉపయోగం.

అన్ని పాదాలూ చకచకా సరిచేసుకుని, తల వంపు, కళ్లు ఆడడం, తూలడం మాత్రమే ఉంటే అది అసలు మెదడు జబ్బే కాకపోవచ్చు. ముసలి కుక్కలకు లోపలి చెవిలో తూకం చూసే భాగం ఉన్నట్టుండి దెబ్బతిని అచ్చం పక్షవాతంలాగే పడిపోతాయి. దానంతట అదే మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టి రెండు మూడు వారాల్లో కుదుటపడుతుంది, తల కొంచెం వంగి మిగిలిపోవచ్చు, దాంతో ఇబ్బందేమీ లేదు. చెవిలో చీము, వాసన, నొప్పి ఉన్నాయేమో కూడా చూపించండి. చేనులో ఎలుకమందు పెట్టారా, పురుగుమందు కొట్టారా, గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. కొన్ని రకాల ఎలుకమందులు రక్తం గడ్డకట్టకుండా చేసి మెదడులోనూ రక్తస్రావం తెస్తాయి.

పిడుదుల మాట కూడా మరిచిపోవద్దు. మన జిల్లాల్లో తోట కుక్కలకు పిడుదుల జ్వరం మామూలే, అందులో ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోనుంచో, చిగుళ్లలోనుంచో, అరుదుగా మెదడులోనో రక్తం కారుతుంది. చెవుల లోపల, వేళ్ల మధ్య, మెడపట్టీ కింద వేలితో తడిమి చూడండి, పెదవి ఎత్తి చిగురు మీద ఎర్రటి చుక్కలున్నాయేమో చూడండి (టీకా ఉన్న కుక్క అయితేనే). రక్తపరీక్షలో ఇది తేలితే డాక్సీసైక్లిన్ సుమారు నాలుగు వారాలు వాడాల్సి ఉంటుంది, రెండు రోజులకు హుషారు రాగానే ఆపేస్తే తిరగబెడుతుంది.

ఇక మందుల సంగతి. మనుషులకు మొదటి గంటల్లో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేస్తారు కదా, కుక్కకూ వేయరా అని అడుగుతారు. కుక్కల్లో అది వాడుకలో లేదు, పైగా గడ్డ వల్ల వచ్చిందా, రక్తం చిట్లడం వల్ల వచ్చిందా అనేది ఎమ్మారై లాంటి స్కాన్‌లోనే తేలుతుంది, దానికి మత్తు ఇవ్వాలి, పెద్ద నగరానికి తీసుకుపోవాలి. నల్లోడు తేరుకుంటున్నంత కాలం ఆ ఖర్చూ ప్రయాణమూ అవసరం లేదనే నా అభిప్రాయం. గడ్డో చిట్లడమో తెలియనప్పుడు ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేయడం ప్రమాదం, రక్తస్రావం ఉంటే అది ఎక్కువవుతుంది. పారాసెటమాల్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా వద్దు, కడుపు, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పదేపదే వేయించుకోవద్దు. పక్షవాతానికి దానివల్ల మేలు జరుగుతుందని రుజువు లేదు, దాహం, మూత్రం పెరిగి మీకు పక్క ఆరబెట్టడమే పనవుతుంది.

పసరు విషయంలో నా మాట వినండి, పోయవద్దు. ఆ పసరు మంచిదా చెడ్డదా అనే వాదన నాకు అక్కర్లేదు, మీ కుక్క నీళ్లే సగం బయటికి వదులుతోంది, అంటే మింగడం సరిగ్గా లేదు. అలాంటి గొంతులో గ్లాసుడు పసరు పోస్తే సగం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, పక్షవాతం నుంచి బయటపడే కుక్క దానితో పోతుంది. వాతలు పెట్టడం కూడా అంతే, స్పర్శ లేని చోట కాలిన పుండు మానదు, ఈగలు వాలి పురుగులు పడతాయి.

తిండి ఎలా పెట్టాలంటే, పక్కకు పడుకున్నప్పుడు ఎప్పుడూ పెట్టవద్దు. రెండు గోనెసంచులు చుట్టి అటూ ఇటూ ఆనించి బోర్లా, ముందుకాళ్లు చాపి తల పైకి ఉండేలా కూర్చోబెట్టండి, తిన్నాక కూడా పదిహేను ఇరవై నిమిషాలు అలాగే ఉంచండి. మీ ఇంట్లో ఎలాగూ రాగి సంకటి ఉంటుంది, దాన్ని మెత్తగా చేసి, ఉప్పూ కారం ఉల్లిపాయా లేకుండా ఉడికించిన కోడిమాంసమో గుడ్డో కలిపి, ఉసిరికాయంత ముద్దలు చేసి, బాగున్న కుడిపక్క బుగ్గ వైపు పెట్టండి. ఒకటి మింగాకే ఇంకొకటి. పల్చటి నీళ్ల కంటే చిక్కటిది మింగడం తేలిక, అందుకే చిక్కటి రాగి అంబలి చల్లార్చి ఇవ్వండి, నీళ్లు ఇవ్వాలంటే సూది తీసేసిన సిరంజీతో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా. ఇరవై కిలోల కుక్కకు తిండిలో ఉన్నదీ కలిపి రోజుకు సుమారు లీటరు నీళ్లు పడాలి. తిన్నాక దగ్గడం, ముక్కులోనుంచి అంబలి రావడం, ఊపిరి వేగంగా తీయడం కనబడితే నోటి ద్వారా ఇవ్వడం ఆపేసి ఆసుపత్రికి రండి.

పడక మీద శ్రద్ధ పెడితే సగం పని అయినట్టే. వరిగడ్డి మందంగా పరిచి, పైన గోనె, దాని మీద పాత దుప్పటి వేయండి, తడిసిన దుప్పటి తీసేసి వేరేది మార్చండి. మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా ఒకటి రెండుసార్లు. మోచేయి, తుంటి ఎముక, భుజం, ఈ మూడు చోట్లా రోజూ వెంట్రుకలు పాయ తీసి చూడండి, ఎరుపు కనబడిందంటే పుండు రాబోతోందని అర్థం. మూత్రం తగిలిన చోట గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో అద్ది, వ్యాజ్‌లిన్ రాయండి. పడుకున్న చోటే పోస్తున్నాడు అన్నారు, అది బద్ధకం కాదు, లేవలేక. నాలుగైదు గంటలకోసారి పాత పంచె పొట్ట కింద వేసి ఎత్తి, రోజూ వాడు మూత్రం పోసే చెట్టు దగ్గరికే మోసుకుపోయి కాసేపు నిలబెట్టండి, అలవాటైన వాసన తగిలితే చాలా కుక్కలు అక్కడే పోస్తాయి. ఒకవేళ చుక్కచుక్కగా కారుతూ పొత్తికడుపు గట్టిగా ఉబ్బి ఉంటే, పన్నెండు గంటలు దాటినా సరిగ్గా పోయకపోతే, మూత్రసంచి నిండిపోయి పొంగుతోందన్నమాట, అప్పుడు డాక్టరు చేత ఖాళీ చేయించి, ఎలా నొక్కాలో ఆయన దగ్గరే నేర్చుకోండి, మీరుగా గట్టిగా నొక్కవద్దు.

కాళ్లకు కసరత్తు ఇవాళే మొదలుపెట్టవచ్చు. పడుకోబెట్టి, పట్టు లేని కాలిని అరచేతిలో ఆనించి, వేళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కో కీలునూ నొప్పి పుట్టనంత వరకు మెల్లగా మడిచి చాపండి, ఒక్కో కీలుకు పది పదిహేనుసార్లు, రోజుకు మూడుపూటలా. చివర్లో వేళ్ల మధ్య చర్మాన్ని కొద్దిగా గిల్లండి, కాలు వెనక్కి లాక్కుంటే ఆ లాగడమే వాడికి మంచి కసరత్తు. నాలుగైదు రోజులయ్యాక పంచె ఆసరాతో రెండు మూడు నిమిషాలు నిలబెట్టండి, బరువు తనంతట తాను మోస్తున్నకొద్దీ మీరు పట్టు వదులుతూ రండి. ఇదంతా మట్టినేల మీదే, నాపరాళ్ల మీద, టైల్స్ మీద కాళ్లు జారి ఒకసారి పడితే మళ్లీ అడుగు వేయడానికి భయపడతాడు. అలసిపోయి నాలుక చాపేదాకా చేయించవద్దు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు చేయించడమే మేలు.

నడవడం మొదలయ్యాక గుండ్రంగా తిరగడం, గోడ మూలకు పోయి ఇరుక్కుని నిలబడిపోవడం, ఒకపక్క గిన్నెలో ఉన్న అన్నం చూడకుండా వదిలేయడం ఉండవచ్చు, భయపడకండి, చాలావరకు తగ్గుతాయి. గిన్నెను తిప్పి పెట్టండి, చాలు. అయితే బావి గట్టు, నీళ్ల తొట్టి, ఆవులు కట్టేసిన చోటు ఇవన్నీ ఇప్పుడు వాడికి ప్రమాదమే, తడికె కట్టి ఆపండి. చెవులు, చూపు కూడా తగ్గిన వయసు కాబట్టి వెనకనుంచి చటుక్కున తాకితే కరవవచ్చు, ముందుగా మాట్లాడి తర్వాత చెయ్యి వేయండి.

ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టకుండా, తలకు దెబ్బ తగలకుండా చూసి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకే రోజు రెండుసార్లు వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తేవాలి.

సూది సంగతి మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. మూడు నాలుగు వారాలు ఇలా చూసుకున్నా మింగలేకపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, మందులకు లొంగని ఫిట్స్, మానని పుండ్లతో మూలగడం, వీటిలో ఒకటి రెండు నిలిచిపోతే అప్పుడు డాక్టరుతో కూర్చుని మాట్లాడండి, మత్తు ఇచ్చి నొప్పి తెలియకుండా చేసే పద్ధతి ఉంది. వయసు పన్నెండు అనేది ఒక్కటే దానికి కారణం కాకూడదు, ఇరుగుపొరుగు విసుగు అసలే కాకూడదు.

మళ్లీ ఇలా రాకుండా ఉండాలంటే ఎందుకు వచ్చిందో వెతకాలి. ముసలి కుక్కల్లో కిడ్నీ జబ్బు, దాని వెంట బీపీ, థైరాయిడ్, షుగరు, గుండె జబ్బు వెనక ఉండవచ్చు, కొన్నిటికి ఎంత వెతికినా కారణం దొరకదు, అలాంటి వాటికి మళ్లీ వచ్చే అవకాశం తక్కువ. లేచి నాలుగడుగులు వేయగానే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి పొద్దున ఓపీకి తీసుకురండి, జీపు వెనక గడ్డి పరిచి, ఎండ ఎక్కకముందే బయలుదేరండి. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, కాలికో తోకకో పట్టీ చుట్టి చూసే బీపీ అడగండి. పైబీపీ ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా 160 దాటి ఉంటుంటే రోజూ మాత్ర వాడాల్సి రావచ్చు, మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి బరువు తూచాకే రాస్తారు. టీకా కార్డు ఉంటే అదీ, పాదాల వీడియోలూ, ఇప్పటిదాకా వేసిన ఇంజెక్షన్ల చీటీ కూడా వెంట తెండి.