పదును ఆఖర్న పెట్టు

అమ్మలూ,

నువ్వు ఇంట్లోనే సొంతంగా కత్తి చెయ్యబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వినగానే గర్వంగా అనిపించింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. వద్దనడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. జన్మంతా ఇనుముతో పనిచేసినవాణ్ణి, నేనే వద్దంటే ఎలా? చెయ్యి. కానీ నేను చెప్పిన వరసలో చెయ్యి.

ముందు ఉక్కు. దొరికిన ఇనప ముక్కతో మొదలుపెట్టకు. గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే మైల్డ్ స్టీల్‌లో కార్బన్ చాలదు, ఎంత కాల్చి నూనెలో ముంచినా గట్టిపడదు. లారీ కమాన్ పట్టీ మంచి ఉక్కే గానీ, ఏళ్ళ తరబడి బరువు మోసినదాంట్లో కంటికి కనపడని పగుళ్ళు ఉండొచ్చు. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న, 1084 అనే రకం ఉక్కు పట్టీ కొత్తది కొనుక్కో. అందులో కార్బన్ సుమారు 0.84 శాతం. కొత్తగా నేర్చుకునేవాళ్ళని ఏడిపించని ఉక్కు అది. జింకు పూత ఉన్న ముక్కని మాత్రం నిప్పు దగ్గరికే తీసుకురాకు, ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

అట్టముక్క మీద బొమ్మ గీసి, కత్తిరించి, చేతిలో ఎలా ఇముడుతుందో చూసుకో. హాక్సాతో కోసి ఆకురాయితో ఆకారం తీసుకో. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక పిడికి రంధ్రాలు. అసలు ఈ ఉత్తరం దీనికోసమే.

మీ నాన్న ఎడమ అరచేతిలో, బొటనవేలి మొదట్నుంచి మణికట్టు వైపు ఓ గీత ఉంటుంది, చూశావా? సైకిల్ మీంచి పడ్డానని చెప్పి ఉంటాడు. కాదు. అది వాడు చేసిన మొదటి కత్తి పెట్టిన గుర్తు. రంధ్రాలు వెయ్యకముందే, ఆత్రం ఆపుకోలేక అంచుకి సాన పట్టేశాడు. ఇంకా గట్టిపడని ఉక్కే అయినా తోలు కొయ్యడానికి ఆ పదును చాలు. దాన్ని డ్రిల్లింగ్ మిషన్ కింద పెట్టి, ఎడంచేత్తో అదిమి పట్టుకున్నాడు. రంధ్రం తొలిచే బిట్ దిగుతున్నంతసేపు ఏమీ కాలేదు. అడుగు దాటేటప్పుడే ఉంటుంది గండం. చివర్న మిగిలిన పల్చటి పొరని బిట్ కొయ్యదు, కరుచుకుంటుంది. కరుచుకుందా, ముక్క మొత్తం బిట్‌తో పాటు తిరగాల్సిందే. నేను పక్క బెంచి దగ్గరున్నాను. టక్కుమని చప్పుడైతే తల తిప్పి చూశాను, అప్పటికే ఆ పట్టీ ఫ్యాన్ రెక్కలా గిర్రున తిరుగుతోంది. స్విచ్ కట్టేసి వాడి చెయ్యి పట్టుకున్నాను. కుట్లు పడ్డాయి. వేలు దక్కింది గానీ, చాన్నాళ్ళు దాన్ని మడవలేకపోయాడు. ఆస్పత్రికి వెళ్ళే దారంతా కత్తి ఏమైంది, వంగిపోయిందా అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. నువ్వూ అచ్చం వాడి పోలికే. నా భయం అదే.

అందుకని రంధ్రాలు వేశాక, గట్టిపరిచాక, పిడి కూడా బిగించాకే పదును. ముక్కని అడుగు చెక్కతో కలిపి రెండు చోట్ల క్లాంప్ వెయ్యి. కింద చెక్క ఆనుకుని ఉంటే బిట్ అంతగా కరుచుకోదు. డ్రిల్లింగ్ దగ్గర గ్లౌజులు వద్దు, బిట్‌కి చుట్టుకుంటే వేళ్ళతో సహా లాగేస్తుంది. జడ ముడేసి టోపీలోకి దోపుకో. కళ్ళకి రక్షణ అద్దాలు లేకుండా స్విచ్ వేశావని తెలిస్తే ఊరుకోను.

గట్టిపరిచే ముందు అంచు ఒక మిల్లీమీటరు మందం ఉండనివ్వు, మరీ పల్చనైతే నూనెలో వంకరపోతుంది, పగిలినా పగులుతుంది. ఎర్రగా కాలాక అయస్కాంతం పెట్టి చూడు. అంటుకోవడం మానేసిందంటే 770 డిగ్రీలకి వచ్చినట్టు. ఎరుపు ఇంకో ఛాయ పెరిగి 815 దగ్గరికి రాగానే, 50 డిగ్రీల దాకా వెచ్చబెట్టిన వంటనూనెలో నిలువుగా ముంచు, పక్కలకి ఊపకు. నూనె ఇనప డబ్బాలోనే పొయ్యి, మూత చేతికి అందేలా పెట్టుకో. మంట లేస్తే మూత వేసెయ్యి, నీళ్ళు మాత్రం పొయ్యకు. ఇదంతా ఆరుబయట, పక్కన ఇంకో మనిషి ఉండగానే.

చల్లారాక ఆకురాయితో గీస్తే కొరక్కుండా జారిపోవాలి. అక్కడితో అయిపోయిందని సంబరపడకు తల్లీ. అప్పుడు అది ఎంత పెళుసంటే, నేల మీద పడితే రెండు ముక్కలు. వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచు, చల్లారనిచ్చి మళ్ళీ రెండు గంటలు. తోమి మెరిపించిన చోట లేత గడ్డిరంగు కనిపిస్తుంది. ఆ తర్వాత గ్రైండర్ మీద పెడితే మాటిమాటికీ నీళ్ళలో ముంచు. నీలం తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే.

పిడికి నీకు నచ్చిన చెక్క పెట్టుకో, అతికించే ఎపాక్సీ జిగురు ఒక రోజంతా ఆరనివ్వు. అప్పుడు పదును, ఒక్కో వైపు 20 డిగ్రీల వాలులో. తెగుతుందో లేదో కాగితం మీద చూడు, వేలితో కాదు.

రంధ్రాలు వేసే రోజు మీ నాన్నని పక్కన నిలబెట్టుకో. క్లాంపులు బిగించావా లేదా అని పదేపదే చూస్తాడు, విసుక్కోకు. చూడనివ్వు.

మీ పెదనాన్న