మచ్చ మానదు, మరి మాత్రతో లయ కుదురుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. గుండెపోటు వచ్చి కోలుకున్నారు. ఈమధ్య ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోందంటున్నారు. గుండె కండరంలో మచ్చ ఏర్పడిందని, లయ తప్పడానికి అదే మూలమని డాక్టరు చెప్పారు. సోడియం, పొటాషియం లాంటివి కణంలోకి వచ్చిపోయే దారులైన అయాన్ చానెళ్ల మీద పనిచేసే మందులు ఉంటాయని చదివాను. వాటితో మచ్చ పోదా? పోనీ, లయ అయినా కుదురుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: లయను చెడగొట్టేది మచ్చ నడిబొడ్డు కాదమ్మా, దాని అంచు. నడుమ ఉన్నదంతా కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులే. అందులో విద్యుత్తు పారదు. గాడోలీనియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎం.ఆర్.ఐ. తీస్తే అది తెల్లగా మెరుస్తుంది, అంచు వెంట బూడిద రంగు పట్టీ కనిపిస్తుంది. నా కన్ను ముందు ఆ పట్టీ మీదికే పోతుంది. చావగా మిగిలిన కణాలు కొల్లాజెన్ పోగుల మధ్య ఇరుక్కుని బతికేది అక్కడే.

ఆరోగ్యంగా ఉన్న గుండె కండర కణం విశ్రాంతిలో సుమారు మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. సోడియం చానెళ్లు తెరుచుకోగానే సోడియం లోపలికి దూసుకొస్తుంది. ఆ వెంటే కాల్షియం వచ్చి కండరాన్ని బిగిస్తుంది. చివరకు పొటాషియం బయటికి పోయి కణం మళ్లీ మొదటి స్థితికి చేరుతుంది. అంచు కణాల్లో సోడియం చానెళ్లు మందగిస్తాయి. కణాన్ని పక్క కణంతో కలిపే కనెక్సిన్ 43 అనే ప్రోటీన్ తగ్గి, చోటు కూడా మారుతుంది. అందుకే సంకేతం అక్కడ ఈడ్చుకుంటూ సాగుతుంది. అది బయటపడేసరికి చుట్టుపక్కల కండరం మళ్లీ స్పందించడానికి సిద్ధంగా ఉంటుంది. ఇంకేముంది, గానుగెద్దులా అదే మచ్చ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. మీ నాన్నగారి దడ ఇదేనా అన్నది మాత్రం, దడ వచ్చినప్పుడు తీసిన ఈసీజీ చూస్తే గాని తేలదు.

మరి చానెళ్లను అదుపు చేస్తే? వైద్యులూ ఒకప్పుడు అలాగే ఆశపడ్డారు. గుండెపోటు తర్వాత అదనపు స్పందనలు వస్తున్నవారికి సోడియం చానెళ్లను అడ్డగించే ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ ఇచ్చి చూశారు. క్యాస్ట్ అనే ఆ పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. వాటిలో మందు వాడిన 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర వాడిన 743 మందిలో 26 మంది చనిపోయారు. ఈసీజీ చక్కబడింది, మనుషులు పోయారు! అసలే నెమ్మదించిన దారిని ఇంకా నెమ్మదింపజేస్తే తిరుగుడు మరింత సులువవుతుంది మరి. అందుకే మచ్చ ఉన్న గుండెకు ఇప్పుడు ఫ్లెకైనైడ్ ఇవ్వం. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు, అవసరాన్ని బట్టి లయను నిలిపే అమియోడరోన్ మందు, తిరుగుడు దారిని కాల్చివేసే అబ్లేషన్, ప్రమాదం ఎక్కువనుకుంటే ఒంట్లో అమర్చి, లయ తప్పినప్పుడు షాక్‌తో సరిచేసే ఐ.సి.డి. పరికరం, ఇవీ మా చేతిలో ఉన్నవి.

ఏర్పడిన మచ్చను కరిగించే మందు లేదు. కొల్లాజెన్‌ను అల్లే ఫైబ్రోబ్లాస్ట్ కణాలకూ చానెళ్లున్నాయి. టీఆర్‌పీఎం7 లాంటివాటి గుండా కాల్షియం చొరబడితే అవి మరింత చురుగ్గా మచ్చను పెంచుతాయని ప్రయోగశాలల్లో తేలింది. వాటిని ఆపే ప్రయత్నాలు ఇంకా అక్కడే ఉన్నాయి.

ఈలోగా మీరు చూసుకోవాల్సింది ఒకటుంది. నాన్నగారు నీరు తీసే మాత్రలు వాడుతుంటే రక్తంలో పొటాషియం, మెగ్నీషియం పరీక్ష చేయించండి. దగ్గు, జ్వరం అంటూ సొంతంగా అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ తెచ్చి వేయకండి. అది పొటాషియం చానెల్‌కు అడ్డుపడి ఈసీజీలో క్యూటీ వ్యవధిని, అంటే ప్రతి స్పందనకూ గుండె కింది గదులు ఉత్తేజితమై మళ్లీ సిద్ధమయ్యే సమయాన్ని పెంచగలదు, దానివల్ల లయ తప్పవచ్చు, అమియోడరోన్ తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. దడతో పాటు కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.