పాత పిస్తోలు కొనబోతున్న మేనల్లుడికి

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పలమనేరు దగ్గర ఎవరో పెద్దాయన అమ్ముతున్న మౌజర్ పిస్తోలు కొంటున్నావని మీ అక్క ఫోన్‌లో చెప్పింది. వినగానే గుండె దడ పట్టుకుంది. కాసేపటికి గర్వంగానూ అనిపించింది. పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, నేను చేసిన పని గురించి చెబుతుంటే, పిల్లలందరిలో నువ్వొక్కడివే చెవులప్పగించి వినేవాడివి. 1914లో కలకత్తాలో తుపాకులు అమ్మే రోడ్డా కంపెనీ సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్లు, 46,000 తూటాలు పట్టుకుపోయిన కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నావో!

లైసెన్సుకు తిరుపతి కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టు, పోలీసు విచారణ అయ్యేదాకా ఓపిక పట్టు, దళారీని దగ్గరికి రానీయకు. "నూరేళ్లు దాటిన సరుకుకు లైసెన్సు అక్కర్లేదు" అని ఆ పెద్దాయన అన్నాడట. ఆ మాట నమ్మావంటే నీకు నా చేతిలో చీవాట్లే. చట్టం వదిలేసేది రిపేరు చేసినా పేలని పాతవాటిని మాత్రమే. పేలే అవకాశం ఉంటే ఎంత పాతదైనా తుపాకీ తుపాకీయే. పైగా ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత నీలాంటి సామాన్యుడికి రెండు తుపాకులే. నీ సేకరణ మొత్తం ఆ రెండే. ఆవేశంలో ఒకటి కొన్నావంటే సగం అయిపోయినట్టే.

ఆ మౌజర్ పిడి మీద ఎర్రగా 9 అంకె చెక్కి ఉందేమో చూడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం కోసం 9 ఎంఎం తూటాకు చేసిన రకం అది. మన దగ్గర 9 ఎంఎం నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత). కలెక్టర్ ఇచ్చే లైసెన్సు దానికి పనికిరాదు. ఆ అంకె కనబడితే దండం పెట్టి వచ్చేయ్.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా చదువు. ఇక్కడ బెల్లం మండీలో వ్యాపారం చేసే స్నేహితుడొకడు నాకు ఉండేవాడు. వాళ్ల నాన్న పోయాక తన పేరున లైసెన్సు తెచ్చుకుని ఒక పిస్తోలు దక్కించుకున్నాడు. వెబ్లీ అండ్ స్కాట్, .32 బోరు, ఒకప్పుడు లండన్ పోలీసులు వాడిన రకం. నలుపు అక్కడక్కడ పోయి అంచుల్లో ఇనుము కనబడేది. నా కళ్లకు అదే అందం. కూతురి పెళ్లికని ఇంటికి రంగులు వేయిస్తూ, దాన్ని కూడా కొత్తగా చేయిద్దామనుకున్నాడు. బైకు సామాన్లకు నికెల్ పూత వేసే షాపులో ఇచ్చేశాడు. లైసెన్సు లేని చోట ఇవ్వడమే నేరం, అదీ ఆలోచించలేదు. బఫింగ్ చక్రం కింద కంపెనీ పేరు అరిగిపోయింది, ఇంగ్లండ్‌లో పరీక్షించి కొట్టిన ముద్రలు పోయాయి, నంబరులో చివరి అంకెలు చదవడానికి లేకుండా పోయాయి. తళతళలాడే దాన్ని తెచ్చి సంబరంగా నా చేతిలో పెట్టాడు. నాకు నోట మాట రాలేదు. రెన్యువల్‌కు తీసుకెళ్తే లైసెన్సులో నంబరుతో సరిపోలలేదు. అనుమానాలు, విచారణలు, కోర్టు. పిస్తోలు మాల్‌ఖానాకు, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదికి, వెళ్లింది, వాడు బతికుండగా తిరిగి రాలేదు. "నాన్న గుర్తుగా మిగిలింది అదొక్కటే కదరా" అని వాడు నా భుజం పట్టుకుని ఏడ్చాడు.

అందుకే, దొరికింది దొరికినట్టే ఉంచు. రంగు వేయించకు, మరక కనబడితే గీకకు. పలుచగా నూనె రాస్తే చాలు. తోలు ఒరలో పెట్టి దాచకు, తోలు తేమ పట్టి ఇనుమును తినేస్తుంది. రేపు ఎప్పుడైనా లూగర్ అనే పాత జర్మన్ పిస్తోలు దొరికితే, విడిభాగాల మీద కొట్టిన అంకెలు అసలు నంబరు చివరి అంకెలతో కలుస్తున్నాయో లేదో చూడు. కలవకపోతే ఎక్కడో ముక్కలు మార్చారన్నమాట.

నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది మాత్రం వేరే ఉంది నాయనా. సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) తీసేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటారు. ఒక తూటా చాంబర్‌లోనే, అంటే పేలడానికి సిద్ధంగా గొట్టం వెనక చివరలోనే, ఉండిపోవచ్చు. ఇక పాత మౌజర్లలో చాలావాటికి మ్యాగజైన్ ఊడి రానే రాదు. ట్రిగ్గరు ముందున్న పెట్టెలోకి పైనుంచే తూటాలు దించుతారు. మూతి గోడవైపు పెట్టి, వేలు ట్రిగ్గరుకు దూరంగా ఉంచి, బోల్టు పూర్తిగా వెనక్కి లాగి చాంబర్‌లోకి చూడు, వేలితో తడిమి చూడు. ఎవరు "ఖాళీదే" అని చేతికిచ్చినా మళ్లీ చూడు. కాల్చి చూద్దామన్న సరదా అసలు వద్దు. ఇంట్లో పాప పాకుతోంది, దానికి అన్నీ ఆటబొమ్మలే. తాళం వేసిన ఇనుప బీరువా ముందు కొను, పిస్తోలు తర్వాత.

అడ్వాన్స్ ఇవ్వకముందే ఆయన లైసెన్సు కాపీ, పిస్తోలు మీది నంబర్ల ఫోటోలు నాకు పంపు. ఆయన అమ్ముతున్నట్టు అధికారులకు రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి, తొందరపెడితే ఒప్పుకోకు. చూడటానికి వెళ్లేరోజు నన్ను తీసుకెళ్లు, మోకాళ్ల నొప్పులున్నా వస్తాను. మీ అమ్మకు మాత్రం ఈ సంగతి నువ్వే చెప్పు, ఈ వారంలోనే.

నీ మామయ్య