ఫార్మాట్ కాగితం మీద సంతకం పెట్టకముందే

ప్రశ్న: నేను ఇంటి దగ్గరే ఒక్కదాన్నే డీటీపీ పని చేసుకుంటాను. ల్యాప్‌టాప్ కొని ఎనిమిది నెలలైంది. పోయిన వారం తయారీ కంపెనీ యాప్ ‘ముఖ్యమైన సిస్టమ్ అప్‌డేట్ ఉంది’ అని చూపిస్తే సరే అని నొక్కాను. సగంలో ఆగిపోయింది. రెండు గంటలు చూసి, ఎంతకీ కదలకపోయేసరికి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. అప్పటి నుంచి కంపెనీ లోగో రావడం, తర్వాత నీలం తెర మీద 48 అంకెల నంబరు అడగడం, అంతే. సర్వీస్ సెంటర్‌లో ‘ఇది సాఫ్ట్‌వేర్ సమస్య, వారంటీలోకి రాదు. డబ్బు కట్టి ఫార్మాట్ చేయించుకోండి, డేటా పోతే మా బాధ్యత లేదని సంతకం పెట్టండి’ అంటున్నారు. రెండు పుస్తకాల పేజీలు అందులోనే ఉన్నాయి. వాళ్లు చెప్పేది న్యాయమేనా? నష్టపరిహారం అడగొచ్చా?

జవాబు: ముందు ఒక మాట. ఆ సంతకం ఇప్పుడే పెట్టకండి. వారంటీ గురించి, పరిహారం గురించి నెల తర్వాతైనా పోట్లాడవచ్చు. ఫార్మాట్ అయిపోయిన డిస్క్‌లోంచి మీ పేజీలను ఏ వినియోగదారుల కమిషనూ వెనక్కి తెచ్చి ఇవ్వలేదు. పైగా మీ కేసుకు కావలసిన సాక్ష్యం కూడా ఆ డిస్క్‌లోనే ఉంది.

మీరు రాసినదాన్ని బట్టి యంత్రం చచ్చిపోలేదు. లోగో వస్తోంది, తెర వెలుగుతోంది, నంబరు అడుగుతోంది. అది డిస్క్‌లోని సమాచారం వేరేవాళ్లు చదవకుండా విండోస్ వేసే బిట్‌లాకర్ అనే తాళం. మదర్‌బోర్డు మీద టీపీఎం అనే భద్రతా చిప్ ఉంటుంది. బయాస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) లాంటి కీలకమైన భాగం మారితే, మనిషి మారాడేమో అన్నట్టు అది అనుమానపడి తాళం తీయడం మానేస్తుంది. అప్పుడు అడిగేదే ఈ 48 అంకెల రికవరీ కీ. 2024 జూలై సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు ఇలాగే కీ అడుగుతున్నాయని మైక్రోసాఫ్ట్ స్వయంగా ప్రకటించింది. కాబట్టి ‘మీరే ఏదో చేసి ఉంటారు’ అని ఎవరన్నా అంటే కంగారుపడకండి. అప్‌డేట్ తర్వాత ఇలా జరగడం అందరికీ తెలిసిన విషయమే.

ఆ కీ చాలావరకు మీ దగ్గరే ఉంటుంది, మీకు తెలియదంతే. ల్యాప్‌టాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఇచ్చారో, అదే అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అవ్వండి. అక్కడ డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ పేరు కింద రికవరీ కీలు కనిపిస్తాయి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటుంది. ఒకటికి మించి కీలు ఉంటే, నీలం తెర మీద ‘కీ ఐడీ’ అని కనిపించే మొదటి ఎనిమిది అక్షరాలతో పోల్చి చూసుకోండి. ల్యాప్‌టాప్‌ను ఇంట్లో ఇంకెవరైనా తెరిచి ఇచ్చి ఉంటే వాళ్ల అకౌంట్ కూడా వెతకండి. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. కీ దొరికితే, విండోస్ తెరుచుకోకపోయినా డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు కలిపి ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. కొన్ని మోడళ్లలో మాత్రం డిస్క్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, బోర్డు పోతే పేజీలూ దానితోనే పోతాయి. ‘బోర్డు మార్చేద్దాం’ అని ఎవరైనా అంటే ముందు ఆ సంగతి అడగండి.

ఇక చట్టం సంగతి. మీరు ఆ ల్యాప్‌టాప్‌తో సంపాదిస్తున్నారు కాబట్టి ‘వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారు కారు’ అని అవతలివాళ్లు మొదటి అభ్యంతరం లేవదీస్తారు. అది నిలబడదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి, తానే వాడుకోవడానికి కొన్నవారిని వాణిజ్య అవసరం కింద లెక్కించకూడదని వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. పైగా వాణిజ్య అవసరమని నిరూపించాల్సిన భారం అవతలి పక్షం మీదే ఉంటుందని 2024లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

‘సాఫ్ట్‌వేర్ వారంటీలోకి రాదు’ అనే మాట సగం నిజం. మీరే ఎక్కించుకున్న ప్రోగ్రాం వల్ల పాడైతే వాళ్ల వాదనలో బలం ఉంటుంది. మీ విషయం అలాంటిది కాదు. అప్‌డేట్ పంపింది తయారీ కంపెనీ యాప్, అది ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చింది, ‘ముఖ్యమైనది’ అని మీకు చూపించింది కూడా వాళ్లే. వాళ్లు పంపిన దానివల్లే వాళ్ల యంత్రం తెరుచుకోకపోతే దాన్ని సెక్షన్ 2(10) కింద వస్తువులో లోపంగానూ, కారణం చూడకుండా తిప్పి పంపడాన్ని సెక్షన్ 2(11) కింద సేవాలోపంగానూ వాదించవచ్చని నా అభిప్రాయం. ఇదే చట్టంలో ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి బాధ్యత) అనే అధ్యాయం చూసి కొందరు అటు పరిగెడతారు. అక్కడ చెప్పిన ‘హాని’లోకి ఆ వస్తువుకే జరిగిన నష్టం రాదు, వ్యాపార నష్టం రాదు. మీ దారి అది కాదు.

మీ కేసులో బలహీనత ఆ పవర్ బటన్. దాన్ని దాచకండి. ‘మధ్యలో ఆపింది ఆవిడే’ అని వాళ్లు ఖాయంగా అంటారు. విండోస్ తనలో జరిగినవాటిని రాసుకునే ఈవెంట్ లాగ్ ఒకటి ఉంటుంది. యంత్రం హఠాత్తుగా ఆగితే, విండోస్ మళ్లీ తెరుచుకున్నప్పుడు అందులో ఈవెంట్ 41 అని నమోదవుతుంది. దాచిపెట్టి తర్వాత దొరికిపోతే మీరు చెప్పే మిగతా నిజాలకూ విలువ ఉండదు. అప్‌డేట్ ఎన్ని గంటలకు మొదలైందో, ఎన్నింటికి ఆపారో మీరే ముందు రాసేయండి. రెండు గంటలు కదలని తెర ముందు కూర్చుని ఆ తర్వాత ఆపడం నిర్లక్ష్యం కాదని వాదించడానికి బాగా చోటుంది. యంత్రం మళ్లీ తెరుచుకుంటే అప్‌డేట్ హిస్టరీని, ఆ ఈవెంట్ లాగ్‌ను ఫొటో తీసి పెట్టుకోండి. నీలం తెర ఫొటో మాత్రం ఇవాళే తీయండి.

సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాల్సి వస్తే జాబ్ షీట్ (యంత్రం తీసుకునేటప్పుడు వాళ్లు రాసి సంతకం పెట్టించుకునే కాగితం) జాగ్రత్త. నా దగ్గరకు వచ్చిన ఒకాయన జాబ్ షీట్‌లో, అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ‘కస్టమర్ అంగీకారంతో ఫార్మాట్ చేయబడును’ అని ముందే అచ్చయి ఉంది. దాని పక్కన టిక్ కూడా అచ్చులోనే ఉంది. ఆయన పెట్టింది కింద సంతకం ఒక్కటే. ఆ టిక్ తనది కాదని కమిషన్ ముందు చెప్పుకోవడానికి ఆయన పడిన పాట్లు నేను కళ్లారా చూశాను. అందుకే మీరు జాబ్ షీట్ మీద మీ చేత్తో ‘డేటా చెరపడానికి, ఫార్మాట్ చేయడానికి నా అనుమతి లేదు’ అని రాసి, దాని కిందే సంతకం పెట్టి, ఫొటో తీసుకోండి. అలా రాశాక కూడా చెరిపేస్తే వ్యవహారం వారంటీ దాటిపోతుంది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారం చెరిపినవారి మీద ఐటీ చట్టం 2000 సెక్షన్ 43 కింద అడ్జుడికేటింగ్ ఆఫీసర్ (ఇలాంటి ఫిర్యాదులు విచారించే ప్రభుత్వ అధికారి) దగ్గర పరిహారం కోరవచ్చు. వారంటీ నిరాకరిస్తే ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. నోటితో చెప్పినంత ధైర్యంగా కాగితం మీద రాయరు.

పరిహారం గురించి మీకు అబద్ధపు ఆశ పెట్టలేను. ఉచితంగా బాగుచేయడమో, వస్తువు మార్చడమో, ధర వాపసో, మీరు పడిన ఇబ్బందికి, ఖర్చులకు కొంత మొత్తమో, ఇవి అడగదగ్గవి, దొరకదగ్గవి. పోయిన ఆర్డర్లకు, పోయిన పేజీలకు పరిహారం రావాలంటే అవతలివారి నిర్లక్ష్యం వల్లే ఆ నష్టం కలిగిందని చూపాలి. ‘బ్యాకప్ ఎందుకు పెట్టుకోలేదు?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కూడా నష్టాన్ని తగ్గించుకునే వీలు మీకు ఉందా అని చూడమంటుంది. పుస్తకాల ఆర్డరు మెయిళ్లు, గడువు తేదీలు, ఈ వారం రోజులు వేరే కంప్యూటర్ అద్దెకు తీసుకుంటే ఆ రసీదు, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. అడగకుండా మొదలైన విండోస్ 10 అప్‌గ్రేడ్ వల్ల తన పని కంప్యూటర్ పాడైందని కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒకావిడ కేసు వేసి 10,000 డాలర్లు గెలుచుకున్న సంగతి 2016లో బయటికొచ్చింది. ఆ తీర్పు మన కమిషన్లను కట్టిపడేయదు. అయినా అప్‌డేట్ వల్ల పని నష్టపోయామనే మాటను న్యాయస్థానాలు కొట్టిపారేయవని దాన్నిబట్టి తెలుస్తుంది.

ముందు తయారీ కంపెనీకి, అమ్మినవారికి మెయిల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫోన్‌లో ఎంత మాట్లాడినా సాక్ష్యం మిగలదు. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. అప్పటికీ కాకపోతే నోటీసు ఇచ్చి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సెక్షన్ 35 కింద ఫిర్యాదు వేయండి. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా కూడా వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. లోపం పరీక్ష చేస్తేనే తేలేదైతే కమిషనే ల్యాబ్‌కు పంపుతుంది. అందుకే యంత్రాన్ని ఉన్న స్థితిలో ఉంచడం అంత ముఖ్యం. మామూలుగా మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి. గడువు రెండేళ్లు, లెక్క అప్‌డేట్ ఆగిపోయిన రోజు నుంచి అనుకోండి.

ఇవన్నీ రేపటి పనులు. ఇవాళ రాత్రి ఆ అకౌంట్ తెరిచి కీ వెతకండి. దొరికితే దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టి, తర్వాత మిగతా వివరాలతో నాకు మళ్లీ రాయండి. నోటీసు ఎలా రాయాలో చెబుతాను.