ఆక్సోలాటల్ తెచ్చుకుంటున్న చిన్నీకి మావయ్య

చిన్నీ,

నువ్వు ఆక్సోలాటల్‌ని, అదే ఆ నీళ్లలో బతికే, మొప్పలు బయటికుండే ఉభయచరాన్ని, తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే భలే సంతోషమేసింది, ఆ వెంటనే గుండె గుభేల్‌మంది కూడా.

నీళ్లు 16 నుంచి 18 డిగ్రీలుండాలి, 22 దాటనివ్వకు. గులకరాళ్లు వద్దు, మింగేస్తుంది. ట్యాంకు సైకిల్ అయ్యాకే, అంటే వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా అనే విషాన్ని తినేసే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరిగాకే, తీసుకురా. ఇవన్నీ నువ్వెలాగూ చదివేసుంటావు.

నేను చెప్పేది రంగు సంగతి. నా దగ్గర లూసిస్టిక్ ఒకటుండేది, తెల్లటి ఒళ్లు, నల్లటి కళ్లు. పెరిగేకొద్దీ తల మీద నల్ల చుక్కలొస్తుంటే ఫంగసేమోనని హడలిపోయి పాపం దానికి మూడ్రోజులు ఉప్పునీళ్ల స్నానాలు చేయించా. తీరా చూస్తే అవి ఉత్త మచ్చలు, వయసుతో వస్తాయంతే. ఫంగస్ అయితే తెల్లటి దూది అంటుకున్నట్టు పైకి లేచుంటుంది. ఈడొచ్చాక వేళ్ల కొసలు నల్లబడినా కంగారు పడకు.

నవ్వుకుంటున్నావా? నవ్వుకో, అసలు తప్పు అది కాదు. ఆ దెబ్బతో నాకేదో తెలివొచ్చేసిందనుకున్నా చూడు, అదీ తప్పు. కొన్నాళ్లకి మొప్పల ఎరుపు తగ్గిపోతుంటే 'కదలకుండా పడుకుంది కదా, అందుకే పాలిపోయింది' అని సర్దిచెప్పుకున్నా. పడుకున్నప్పుడు పాలిపోయే మాట నిజమే, కానీ లేచి తిరిగితే మళ్లీ ఎర్రబడాలి కదా, నాది ఎర్రబడలేదు, వానపాముని నోటి ముందు ఆడించినా మొహం తిప్పుకుంది, మొప్పలు ముందుకి వంగాయి, తోక కొస వంకీ తిరిగింది, నేనింకా రంగు దగ్గరే కూర్చున్నా. ఆరో రోజుకి నీళ్లు టెస్ట్ చేస్తే అమ్మోనియా! సున్నా ఉండాల్సింది. ఆ ముందు వారం ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా తోమింది నేనే, క్లోరిన్‌కి మంచి బ్యాక్టీరియా అంతా చచ్చింది. క్లోరిన్ తీసేసిన చల్లటి నీళ్ల డబ్బాలోకి మార్చా, రోజూ నీళ్లన్నీ మార్చా. అయినా రెండ్రోజులకి దాని ప్రాణం పోయింది.

అందుకే రంగు తేడాగా కనపడితే ఇంటర్నెట్‌లో ఫోటోలు వెతుక్కుంటూ కూర్చోకు, ముందు టెస్ట్ కిట్ తియ్యి. స్పాంజిని బయటికి తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండు, కుళాయి కింద పెట్టావంటే ఊరుకోను. పొట్ట మీదా కాళ్ల మీదా ఎర్రగా కమిలినట్టుంటే మాత్రం నాకు ఫోన్ కూడా చెయ్యకు, ఉభయచరాల్ని చూసే డాక్టర్ దగ్గరికి పరిగెత్తు. ఆ డాక్టర్ ఎవరో ఇప్పుడే కనుక్కుని పెట్టుకో.

వారానికోసారి ఒకే లైట్‌లో ఫోటో తీసి నాకు పంపు. ఊరికే చూసుకోడానికిలే. పేరేం పెడుతున్నావ్?

మావయ్య