వర్చువల్ మెషిన్ల సర్వర్‌కి ఏ రెయిడ్ పెట్టాలి?

ప్రశ్న: ఒకే సర్వర్ మీద పన్నెండు వర్చువల్ మెషిన్లు (సాఫ్ట్‌వేర్‌తో విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి) నడపాలి. 7200 ఆర్‌పీఎం వేగంతో తిరిగే 4 టెరాబైట్ల హార్డ్‌డిస్కులు ఎనిమిది, ఒక రెయిడ్ కంట్రోలర్ కార్డు (చాలా డిస్కులను కలిపి ఒక్కటిగా నడిపేది) ఉన్నాయి. రెయిడ్ 5లో ఎక్కువ స్థలం మిగులుతుంది కాబట్టి అదే పెడదామనుకుంటున్నాను. సరిపోతుందా?

జవాబు: మీ స్థలం లెక్క కరెక్టే. ఎనిమిది డిస్కుల్లో రెయిడ్ 5కి 28 టెరాబైట్లు, రెయిడ్ 6కి 24, రెయిడ్ 10కి 16 చేతికొస్తాయి. అయినా డిస్కులను జతలుగా పెట్టి ప్రతిదీ రెండు కాపీలుగా రాసే రెయిడ్ 10నే పెట్టమంటాను. ఇలాంటి సర్వర్లలో స్థలం నిండక ముందే డిస్కుల వేగం చాలకుండా పోతుంది.

పన్నెండు మెషిన్లూ ఒకేసారి పనిచేస్తుంటే డిస్కుల దగ్గరికి వచ్చేసరికి అంతా కలగాపులగం అయిపోతుంది. ఇక్కడ 4 కిలోబైట్లు, ఎక్కడో ఆ చివర 8 కిలోబైట్లు. డిస్కులో డేటాని చదివి రాసే హెడ్ అటూ ఇటూ తిరగడంతోనే సమయం గడిచిపోతుంది. మీ దగ్గరున్నలాంటి డిస్కు ఇలాంటి చిన్న పనులు సెకనుకు 75-80 చేస్తుంది, అంతే.

ఒక్క చిన్న రైట్‌ని, అంటే డేటా రాసే పనిని, తీసుకోండి. రెయిడ్ 5లో కంట్రోలర్ ముందు పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ (డిస్కు పోతే అందులోని డేటాని తిరిగి లెక్కగట్టడానికి ఉంచే అదనపు సమాచారం) చదవాలి. కొత్త ప్యారిటీ లెక్కగట్టి, అప్పుడు కొత్త డేటానీ కొత్త ప్యారిటీనీ రాయాలి. అంటే ఒక రైట్‌కి డిస్కుల మీద నాలుగు పనులు. రెండు ప్యారిటీలు ఉండే రెయిడ్ 6లో ఆరు అవుతాయి. రెయిడ్ 10లో రెండు కాపీలు రాస్తే అయిపోయింది. ఎనిమిది డిస్కులూ కలిసి సెకనుకు 600 పనులు చేస్తాయనుకుంటే, రెయిడ్ 10లో 300 రైట్లు, రెయిడ్ 5లో 150, రెయిడ్ 6లో 100 వస్తాయి. మెషిన్లన్నీ ఒకేసారి అప్‌డేట్లు వేసుకునే రాత్రి ఈ తేడా మీకే తెలుస్తుంది.

డిస్కు పోయినప్పుడు ఇంకా టెన్షన్. రెయిడ్ 5లో కొత్త డిస్కు నింపాలంటే మిగిలిన ఏడింటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. అది పూర్తయ్యేలోపు ఇంకో డిస్కు పోతే మొత్తం పోయినట్టే. రెయిడ్ 10లో పోయిన డిస్కు జతను మాత్రం చదివితే చాలు. ఆ జత కూడా అప్పుడే పోతే దీనికీ దిక్కు లేదు, కాబట్టి వీలైతే ఒక స్పేర్ డిస్కు పక్కన పెట్టుకోండి.

కంట్రోలర్‌లో రైట్-బ్యాక్ క్యాష్ (డేటాని ముందు కార్డు మెమరీలో ఉంచుకుని, తర్వాత డిస్కు మీద రాసే పద్ధతి) ఆన్ చేయండి, కానీ కార్డుకి బ్యాటరీ గానీ ఫ్లాష్ బ్యాకప్ గానీ ఉంటేనే. అది లేకుండా బలవంతంగా ఆన్ చేస్తే, కరెంటు పోయిన క్షణంలో 'రాసేశాను' అని చెప్పిన డేటా కూడా గల్లంతవుతుంది, పన్నెండు మెషిన్ల ఫైల్ సిస్టమ్‌లూ దెబ్బతినొచ్చు. ఇంకో సంగతి. బ్యాటరీ పాడైతే చాలా కార్డులు చప్పుడు లేకుండా రైట్-త్రూకి, అంటే డిస్కు మీద రాశాకే 'రాసేశాను' అని చెప్పే పద్ధతికి, మారిపోతాయి. నిన్నటిదాకా బాగున్న మెషిన్లన్నీ ఒక్కసారిగా నత్తనడక నడుస్తుంటే ముందు ఆ బ్యాటరీనే చూడండి.

తాళం వేసిన గదిలో డిస్కు మీద ఎర్రలైటు వారాల తరబడి వెలుగుతున్నా ఎవరూ చూడని సర్వర్ ఒకటి నాకు తెలుసు. రెండో డిస్కు పోయాకే అందరూ పరిగెత్తారు. అందుకే మెషిన్లు ఎక్కించక ముందే ఈ పరీక్ష చేయండి: సర్వర్ నడుస్తుండగా ఒక డిస్కు బయటికి లాగండి. మీ మెయిల్‌కి అలర్ట్ వచ్చిందా? తిరిగి పెట్టాక రీబిల్డ్‌కి (ఆ డిస్కుని మళ్లీ నింపడానికి) ఎన్ని గంటలు పట్టింది? ఆ అంకె రాసిపెట్టుకోండి.

ప్రశ్న: డిస్కులను కలిపే పని తనే చూసుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడితే కార్డులో రెయిడ్ కూడా ఉంచాలా?

జవాబు: వద్దు. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి డిస్కులు నేరుగా కనబడాలి, కాబట్టి కార్డుని హెచ్‌బీఏ మోడ్‌లో (రెయిడ్ లేకుండా డిస్కులను ఉన్నవి ఉన్నట్టు చూపే మోడ్) పెట్టి, డిస్కులను జతలుగా మిర్రర్ చేయండి. దాంట్లో స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో అలా దాచుకోవడం) చాలా సులువు. కానీ అవి అదే డిస్కుల మీద ఉంటాయి కదా, బ్యాకప్ మాత్రం వేరే మెషిన్‌కి పంపండి.